రాత్రంతా ఫ్రిజ్ తలుపు తెరిచి ఉండిపోతే ఏమి చేయాలి

చెన్నై పెరంబూరులోని మా ఇంట్లో ఒక మే నెల తెల్లవారుజామున వంటింట్లోకి వెళ్ళేసరికి ఫ్రిజ్ తలుపు నాలుగు వేళ్ళ సందున తెరుచుకుని ఉంది. లోపలి దీపం వెలుగుతూనే ఉంది, తలుపు కింద నేల మీద పళ్ళెమంత మడుగు కట్టింది. ముందురోజు రాత్రి పదిన్నరకు, అప్పటికే పులిసి పొంగిన దోసెల పిండిని పై అరలో పెట్టినప్పుడు గిన్నె మీది మూత అంచు తలుపు లోపలి అరకు తగులుకుని, వేసిన తలుపు మళ్ళీ నెమ్మదిగా వెనక్కి వచ్చింది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియలేదు. అంటే దాదాపు ఏడు గంటలు.

ఇటువంటప్పుడు ఎవరైనా చేసే మొదటి పని చటుక్కున తలుపు మూసి, నేల తుడిచి, "పోనీలే, కంప్రెసర్ తిరుగుతోంది కదా" అని ఊరుకోవడం. మూడు నాలుగు గంటలు గడిచేసరికి పాల ప్యాకెట్టు మళ్ళీ చల్లగా తగులుతుంది, కూర గిన్నె మీద చెమట ఆరిపోతుంది, జరిగినదానికి ఆనవాలు ఉండదు. అసలు ప్రమాదం అక్కడే ఉంది. వెచ్చబడిన ఆహారంలో పెరిగిన సూక్ష్మజీవులు చల్లబడితే పెరగడం ఆపుతాయే గాని చచ్చిపోవు, అవి విడిచిన విషపదార్థాలు ఎక్కడికీ పోవు. అందువల్ల ఏది ఉంచాలో ఏది పారవేయాలో ఇప్పుడు ఎంత చల్లగా ఉందన్నదాన్ని బట్టి కాక, రాత్రి ఎంతసేపు ఎంత వెచ్చగా ఉందన్నదాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. ఈ వ్యాసంలో చెప్పబోయే పనులన్నీ ఆ ఒక్క లెక్క మీద ఆధారపడినవే.

లోపల జరిగేది

చల్లని గాలి బరువైనది కాబట్టి తలుపు తెరవగానే అది అడుగు నుంచి జారి మన పాదాల మీదికి వస్తుంది, దాని స్థానంలోకి పైనుంచి గది గాలి ప్రవేశిస్తుంది. బార్లా తెరిచిన ఫ్రిజ్‌లో ఈ మార్పిడి చాలా త్వరగా పూర్తవుతుంది. అయితే గాలి మారినంత మాత్రాన కొంప మునగదు. రెండు వందల లీటర్ల గాలి బరువు పావు కిలో కూడా ఉండదు, దాన్ని 30 డిగ్రీల నుంచి 4 డిగ్రీలకు దించడానికి పట్టే శ్రమ ఒక గ్లాసుడు నీళ్ళను ఏడు డిగ్రీలు చల్లబరచడానికి పట్టే శ్రమతో సమానం. పిల్లలు తలుపు తీసి పట్టుకుని ఏమి తిందామా అని ఆలోచిస్తూ నిలబడితే పెద్దలు కేకలు వేస్తారు గాని, ఆ ఒక్క నిమిషం వల్ల జరిగే నష్టం స్వల్పమే.

చెన్నైలో లెక్క మారేది వేడి వల్ల కంటే తేమ వల్ల. సముద్రపు గాలి తగిలే ఈ ఊళ్ళో వేసవి రాత్రి 30 డిగ్రీల వేడిలో గాలిలో తేమ 75 శాతం ఉందనుకుంటే, ఒక ఘనమీటరు గాలి సుమారు 23 గ్రాముల నీటి ఆవిరిని మోస్తూ ఉంటుంది. 4 డిగ్రీల గాలి మోయగలిగేది ఆరు గ్రాములకు కొద్దిగా పైన మాత్రమే. మిగిలినదంతా గిన్నెల మీద, గోడల మీద, అన్నింటికంటే ముఖ్యంగా చల్లదనాన్నిచ్చే కాయిల్ మీద నీరుగా మంచుగా దిగుతుంది, దిగుతూ తనలోని వేడిని అక్కడే వదులుతుంది. ఆ వేడి గాలిని చల్లబరచడానికి తీయవలసిన వేడి కంటే కూడా ఎక్కువ. సందు చిన్నదై అయిదు నిమిషాలకొకసారి మాత్రమే లోపలి గాలి మారినా, కాయిల్ చల్లగా ఉన్నంతసేపూ ఈ దిగడం ఆగదు కాబట్టి, ఎనిమిది గంటల్లో పావు లీటరుకు మించిన నీరు ఫ్రిజ్‌లోకి చేరగలదు. మా వంటింట్లోని మడుగు అలా వచ్చినదే, ఏ సీసా నుంచో కారినది కాదు.

లోపలి చలి తగ్గిపోతున్నకొద్దీ థర్మోస్టాట్ కంప్రెసర్‌ను ఆగనివ్వదు. మామూలు రోజుల్లో కాసేపు తిరిగి కాసేపు ఆగే యంత్రం రాత్రంతా ఏకధాటిగా తిరుగుతుంది. ఇన్వర్టర్ కంప్రెసర్ అయితే తన వేగాన్ని పెంచుకుంటుంది. లోపలి నుంచి లాగిన వేడితో పాటు తాను ఖర్చు చేసిన కరెంటు కూడా వేడిగా మారి వెనక జాలీ నుంచో పక్క గోడల నుంచో అదే గదిలోకి వస్తుంది గనుక, తలుపు తెరిచిన ఫ్రిజ్ వంటింటిని చల్లబరచదు, కొద్దిగా వేడెక్కిస్తుంది. ఎండాకాలంలో చల్లదనం కోసం కావాలనే తలుపు తీసి ఎదురుగా కూర్చునేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

తలుపు మూసేముందు అర నిమిషం

ఏడు గంటలు తెరిచి ఉన్న తలుపును ఇంకో అర నిమిషం తెరిచి ఉంచితే కొత్తగా పోయేది ఏమీ లేదు, కాని మూసేస్తే సాక్ష్యం పోతుంది. కాబట్టి ముందుగా లోపలి సరుకు ఎంత వెచ్చబడిందో చూడాలి. వంటింటి థర్మామీటరు ఉంటే దాని మొనను పాలలోనో, నీళ్ళ సీసాలోనో, గట్టి కూర మధ్యలోనో ఉంచి అంకె చదవాలి. జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరు ఇక్కడ పనికిరాదు, 32 డిగ్రీలకు దిగువన అది అంకె చూపదు. ఏదీ లేకపోతే పై అరలోని నీళ్ళ సీసాను, కింది అరలోని సీసాను చేతితో పట్టుకుని చూడాలి. తలుపు సందు కొద్దిదైతే పైన వెచ్చబడి అడుగున చల్లగానే ఉన్న సందర్భాలు ఉంటాయి, అప్పుడు అర అరకూ తీర్పు వేరుగా ఉంటుంది. తలుపులో ఉన్నవి అన్నింటికంటే ముందు వేడెక్కుతాయి. పాలూ గుడ్లూ సాధారణంగా ఉండేది అక్కడే.

రెండవది సమయం. చివరిసారి తలుపు తీసినవాళ్ళెవరు, ఎన్ని గంటలకు అని ఇంట్లో అందరినీ అడగాలి. తప్పు ఎవరిదో తేల్చే ధోరణిలో అడిగితే నిజమైన సమయం బయటకు రాదు. రాత్రి పన్నెండుకు మంచినీళ్ళ కోసం లేచినవాళ్ళు "నేను తీయలేదు" అంటే లెక్క పదిన్నర నుంచి మొదలవుతుంది, అనవసరంగా సరుకంతా పారవేయవలసి వస్తుంది. ఎంతకూ తేలకపోతే ఎక్కువ సమయాన్నే లెక్కలోకి తీసుకోవాలి.

మూడవది ఫ్రీజర్. మంచు ట్రేలోని గడ్డలు పదునైన అంచులతో ఉన్నాయా, కరిగి మళ్ళీ ఒక పక్కకు వాలి గడ్డకట్టాయా అన్నది చూస్తే చాలా తెలుస్తుంది. ఒంటి తలుపు ఫ్రిజ్‌లో ఫ్రీజర్ అరకు ప్లాస్టిక్ రేకు తప్ప వేరే తలుపు ఉండదు కాబట్టి అది కూడా దెబ్బతింటుంది. డబుల్ డోర్‌లో పై తలుపు మూసే ఉన్నప్పటికీ చాలా మోడళ్ళలో రెండు భాగాలకూ చలినిచ్చే కాయిల్ ఒక్కటే గనుక పైది కూడా కొంత మెత్తబడవచ్చు.

ఈ మూడూ చూసుకున్నాక, నేల మీది నీరు ప్లగ్గు దాకానో స్టెబిలైజర్ దాకానో పాకి ఉంటే ముందు గోడ దగ్గర స్విచ్ ఆపి, చేతులు, కాళ్ళు తడి లేకుండా చూసుకుని, ఆ తరువాతే తుడవడం మొదలుపెట్టాలి.

ఏది ఉంచాలి, ఏది పారవేయాలి

భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నియమం ప్రకారం చల్లగా ఉంచవలసిన ఆహారం 5 డిగ్రీలకు మించకూడదు, వేడిగా ఉంచవలసినది 60 డిగ్రీలకు తగ్గకూడదు. ఈ రెండింటి మధ్య సూక్ష్మజీవులు చురుకుగా పెరుగుతాయి. త్వరగా పాడయ్యే ఆహారం ఆ మధ్య వేడిలో రెండు గంటలకు మించి ఉంటే పారవేయాలనీ, చుట్టూ వేడి 32 డిగ్రీలు దాటితే ఒక గంట మాత్రమే గడువనీ అమెరికా వ్యవసాయ శాఖ సూచిస్తుంది. కర్తరి రోజుల్లో, అంటే ఇక్కడివాళ్ళు కత్తిరి వెయిల్ అని పిలిచే ఆ మే నెల ఎండల్లో, చెన్నై వంటిల్లు రాత్రిపూట కూడా ఆ 32కు దగ్గరలోనే ఉంటుంది. అయితే గడువు తలుపు తెరుచుకున్న క్షణం నుంచి కాక ఆహారం 5 డిగ్రీలు దాటిన క్షణం నుంచి లెక్కించాలి. పెద్ద గిన్నెలోని సాంబారు, పావు లీటరు పాల కంటే ఆలస్యంగా వేడెక్కుతుంది. ఆ కాస్త వెసులుబాటును రెండు మూడు గంటల పొరపాటులో వాడుకోవచ్చు, రాత్రంతా తెరిచి ఉన్నప్పుడు వాడుకోకూడదు.

పారవేయవలసినవాటిలో మొదటిది కొబ్బరి. కొబ్బరి పచ్చడి, తురిమి ఉంచిన కొబ్బరి, కొబ్బరి వేసిన కూర, వీటి విషయంలో వాదన అక్కరలేదు. తరువాత మాంసం, కోడి, రొయ్యలు, చేపలు, ముఖ్యంగా మసాలా పట్టించి మరునాటికి ఉంచినవి. కాశిమేడు నుంచి తెచ్చిన చేప ఖరీదు గుర్తుకు వచ్చి, బాగా వేయిస్తే సరిపోతుంది కదా అనిపిస్తుంది. కానాగంతలు, సూర వంటి చేపలు వెచ్చగా ఉండిపోతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పేరుకుంటుంది, అది వేపుడుతో పోదు, తిన్న కొద్దిసేపటికే ముఖం ఎర్రబడి, ఒళ్ళు దద్దుర్లు లేచి, తలనొప్పి వస్తుంది. చేప వాసన మారకముందే ఇది జరగవచ్చు.

వండిన అన్నం గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తెలుగిళ్ళలో దాన్ని పారవేయడానికి చేయి రాదు. అన్నంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు ఉడికినా చావకుండా మిగిలి ఉంటాయి, అన్నం వెచ్చగా ఉన్నప్పుడు అవి మొలకెత్తి వాంతులు కలిగించే విషాన్ని తయారుచేస్తాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా, పులిహోర కలిపినా, ఫ్రైడ్ రైస్ చేసినా విరగదు. "మేమంతా చద్దన్నం తిని పెరిగినవాళ్ళమే" అని మా అత్తగారు ఆ రోజు అభ్యంతరం చెప్పారు. ఆవిడ మాటలో న్యాయం లేకపోలేదు, కాని చద్దన్నం మజ్జిగలో మునిగి రాత్రంతా పులిసినది, ఆ పులుపే చాలా సూక్ష్మజీవులను అణచి ఉంచుతుంది. డబ్బాలో మూతపెట్టి ఫ్రిజ్‌లో మరచిపోయిన పొడి అన్నానికి ఆ రక్ష లేదు. పప్పు, సాంబారు, చారు, కూరలు, పనీరు కూడా ఏడు గంటల పొరపాటు తరువాత ఇదే కోవలోకి వస్తాయి. కోసి ఉంచిన బొప్పాయి, పుచ్చకాయ, మామిడి ముక్కలు కూడా అంతే.

పాల విషయంలో మనకు ఒక పరీక్ష అలవాటై ఉంది, కాచి చూడడం. విరిగితే పారవేస్తాము, విరగకపోతే కాఫీ కలుపుతాము. విరగకపోవడం పులుపు ఇంకా పెరగలేదని మాత్రమే చెబుతుంది. స్టెఫలోకాకస్ వంటి కొన్ని సూక్ష్మజీవుల విషాలు కాచినా పోవు. నా అభిప్రాయంలో రాత్రంతా గది వేడిలో ఉన్న పాలను, అవి తెరవని ప్యాకెట్టులోనివైనా, ఎవరూ తాగకూడదు, పసిపిల్లలకూ గర్భిణులకూ వృద్ధులకూ అసలే పోయకూడదు. అర లీటరు పాల కోసం తీసుకునే సాహసం కాదు అది. రుచి చూసి తేల్చుకుందామన్నది అన్నింటికంటే చెడ్డ పద్ధతి, ఎందుకంటే జబ్బు చేసే సూక్ష్మజీవుల్లో చాలావాటికి వాసన గాని రుచి గాని ఉండదు.

ఇక ఉంచుకోదగినవి చాలానే ఉన్నాయి. పెరుగు పులుస్తుంది, అంతే. మజ్జిగ పులుసుకో, మజ్జిగ మిరపకాయలకో వాడుకోవచ్చు. దోసెల పిండి పులియడానికే పుట్టినది గనుక మరింత పులిసి గిన్నె దాటి పొంగుతుంది, అదే రోజు అట్లు పోసుకుంటే సరిపోతుంది. మా ఇంట్లో తప్పు చేసిన గిన్నె ఒక్కటే ఏ నష్టమూ లేకుండా బయటపడింది. ఆవకాయ, మాగాయ, గోంగూర ఊరగాయ వంటివి ఉప్పు, నూనె, కారం బలంతో నిలిచేవి కాబట్టి వాటికి భయం లేదు. దోసకాయ పచ్చడి, బీరకాయ పచ్చడి వంటి రోటి పచ్చళ్ళను మాత్రం ఊరగాయల పక్కన ఉన్నంత మాత్రాన ఊరగాయలుగా లెక్కించకూడదు. నెయ్యి, వెన్న, జామ్, తేనె, చింతపండు గుజ్జు, కోయని పళ్ళు, కూరగాయలు బాగానే ఉంటాయి. ఆకుకూరలు వాడితే ఆ పూటే వండుకోవాలి. మల్లెపూలు వాడిపోతాయి, దానికి చేయగలిగినది లేదు.

గుడ్లు కొంచెం తికమక పెడతాయి. కొట్టులో గది వేడిలోనే అమ్మిన గుడ్డు మన ఫ్రిజ్‌లో ఏడు గంటలు వెచ్చబడితే ఏమిటని అడగవచ్చు. చల్లని గుడ్డు తేమగాలికి చెమర్చినప్పుడు పెంకు మీది నీటితో పాటు సూక్ష్మజీవులు సన్నని రంధ్రాల గుండా లోపలికి చేరే అవకాశం ఉంది. కాబట్టి పొడిగుడ్డతో తుడిచి, రెండు మూడు రోజుల్లో, పచ్చసొన గట్టిపడేదాకా ఉడికించి వాడేయడం మేలు.

ఫ్రీజరులోని బఠాణీలు, మాంసం వంటివి ఇంకా మంచు పలుకులతో గట్టిగా ఉంటే, లేదా 4 డిగ్రీలకు మించకుండా ఉంటే మళ్ళీ గడ్డకట్టించవచ్చు, రుచీ పసా కొంత తగ్గుతాయి. కరిగిన ఐస్‌క్రీమును మళ్ళీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టకూడదు. పారవేసేవాటిని తడి చెత్తలో వేసేముందు గట్టిగా మూటకట్టి, బండి వచ్చే వేళకే కిందికి దించితే వాసన రాదు.

ఇన్సులిన్ ఉన్న ఇల్లు

తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. వాడకంలో ఉన్న సీసాను గాని పెన్నును గాని, రకాన్ని బట్టి 25 లేదా 30 డిగ్రీల లోపు గది వేడిలో సుమారు నాలుగు వారాలు ఉంచవచ్చునని చాలా రకాల కాగితాలలో ముద్రించి ఉంటుంది. కాబట్టి ఒక్క రాత్రి వెచ్చబడిన ఇన్సులిన్ వెంటనే చెడిపోయినట్టు కాదు, కాని దాన్ని ఇక తెరవని నిల్వగా భావించి నెలల తరబడి దాచకూడదు. పెట్టె మీద ఆ రోజు తేదీ రాసి, ఎన్ని గంటలు ఎంత వేడిలో ఉందో మందుల షాపు ఫార్మసిస్టుకో వైద్యుడికో చెప్పి, వారు చెప్పినదాని ప్రకారం నడుచుకోవాలి. తేటగా ఉండవలసినది మబ్బుగా కనిపించినా, పలుకులు తేలినా వాడకూడదు.

ఇక్కడ ఇంకొక ప్రమాదం పొంచి ఉంటుంది. త్వరగా చల్లబడాలన్న తొందరలో ఫ్రిజ్ మీటను చివరికి తిప్పేస్తాము, రెండవ రోజు దాన్ని వెనక్కి తిప్పడం మరచిపోతాము, ఫ్రీజర్ దగ్గర ఉన్న ఇన్సులిన్ గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. వెచ్చదనం వల్ల పోనిది అతిచలి వల్ల పోతుంది.

యంత్రాన్ని మళ్ళీ దారిలో పెట్టడం

పారవేయవలసినవన్నీ తీసేశాక గోడలు, అరలు, తలుపు రబ్బరు మడతలు పొడిగుడ్డతో తుడవాలి. ఆ మడతల్లో నీరు నిలిస్తే చెన్నై తేమకు వారంలో నల్లని బూజు పడుతుంది. మధ్యలో స్విచ్ ఆపి ఉంటే కనీసం అయిదు నిమిషాలు ఆగి మళ్ళీ వేయాలి, లోపలి గ్యాస్ ఒత్తిడి సమానం కాకముందే మోటారును బలవంతంగా తిప్పించకూడదు. థర్మోస్టాట్‌ను మామూలు స్థానంలోనే ఉంచాలి. పాత రకం కంప్రెసర్‌కు తిరగడం, ఆగడం తప్ప వేగంగా తిరగడం తెలియదు గనుక మీట చివరికి తిప్పినంత మాత్రాన ముందుగా చల్లబడదు. ఇన్వర్టర్ ఫ్రిజ్‌లో త్వరగా చల్లబరిచే మీట విడిగా ఉంటే దాన్ని వాడుకోవచ్చు. ఆ పూట వేడి గిన్నెలు, అప్పుడే తెచ్చిన సరుకు లోపల పెట్టకుండా ఉంటే సాయంత్రానికి చలి నిలదొక్కుకుంటుంది, పూర్తిగా స్థిరపడటానికి ఒక పగలూ ఒక రాత్రీ ఇవ్వాలి.

పక్క గోడలు చేతికి బాగా వేడిగా తగిలితే కంగారు పడనవసరం లేదు, చాలా ఫ్రిజ్‌లలో వేడిని వదిలే గొట్టాలు ఆ గోడల వెనకే ఉంటాయి. కంప్రెసర్ దగ్గర టిక్కుమని శబ్దం వచ్చి, కొన్ని క్షణాలు గుర్రుమని, మళ్ళీ టిక్కుమని ఆగిపోతూ ఉంటే మాత్రం అతివేడికి దాని రక్షణ స్విచ్ పడుతోందని అర్థం. అప్పుడు అర గంట ఆపి, వెనక గాలి ఆడేలా ఫ్రిజ్‌ను కొద్దిగా ముందుకు జరిపి మళ్ళీ ప్రయత్నించాలి. అయినా అదే శబ్దమైతే మెకానిక్‌ను పిలవాలి.

రెండు మూడు రోజుల తరువాత బయటపడే లోపం ఇంకొకటి ఉంది. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో కాయిల్ మీద పట్టే మంచును ఒక చిన్న హీటరు కొన్ని గంటలకొకసారి కరిగిస్తుంది, కాని అది రోజువారీ పలచని మంచు కోసం ఏర్పాటు చేసినది. రాత్రంతా దిగిన తేమ గట్టి గడ్డగా మారితే హీటరు పైపైన మాత్రమే కరిగించగలదు, మిగిలిన గడ్డ గాలి దారిని మూసేస్తుంది. అప్పుడు ఫ్రీజరు చల్లగానే ఉన్నా కింది భాగం చల్లబడదు, లోపలి ఫ్యాను మంచుకు గీసుకుంటూ గరగరమంటుంది. గ్యాస్ అయిపోయిందని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకుండా ముందు ఈ పని చేసి చూడాలి: సరుకంతా తీసి, స్విచ్ ఆపి, రెండు తలుపులూ బార్లా తెరిచి, కింద పాత తువ్వాళ్ళు పరిచి, ఒక పగలూ ఒక రాత్రీ వదిలేయాలి. తలుపు తెరిచి ఉంచినందువల్ల వచ్చిన జబ్బుకు తలుపు తెరిచి ఉంచడమే మందు కావడం విచిత్రమే, తేడా అంతా స్విచ్ దగ్గర ఉంది.

ఒంటి తలుపు ఫ్రిజ్‌లో థర్మోస్టాట్ మీట మధ్యనున్న డీఫ్రాస్ట్ బొత్తాం నొక్కితే మంచు దానంతటదే కరుగుతుంది. ఎంత తొందర ఉన్నా కత్తితోనో అట్లకాడతోనో మంచును పొడవకూడదు. ఇప్పటి ఇంటి ఫ్రిజ్‌లలో చలినివ్వడానికి గొట్టాల్లో ఎక్కువగా వాడే ఆర్ 600ఎ, అంటే ఐసోబ్యూటేన్, మండే వాయువు. పలచని గొట్టానికి చిల్లు పడితే ఫ్రిజ్ పోవడమే కాక వంటింట్లో మంటకు అవకాశం ఇచ్చినట్టవుతుంది.

కరిగిన నీరంతా వెనకనున్న ట్రేలోకి చేరుతుంది. మామూలుగా కంప్రెసర్ వేడికి అది ఆవిరైపోతుంది గాని ఇలాంటి రోజు తరువాత నిండి రోజుల తరబడి నిలుస్తుంది. డెంగీని మోసే ఈడిస్ దోమకు గుడ్లు పెట్టడానికి అలాంటి కొద్దిపాటి మంచినీరే చాలు. దోమల లార్వాల కోసం ఇళ్ళకు వచ్చే చెన్నై కార్పొరేషన్ సిబ్బంది ఫ్రిజ్ వెనక ట్రేను కూడా చూపమని అడిగేది అందుకే. ట్రేను బయటకు తీసి, లోపలి గోడలు రుద్ది కడిగి, ఆరబెట్టి పెట్టాలి.

కరెంటు ఖర్చు విషయంలో భయం అసలు కంటే ఎక్కువ. కంప్రెసర్ 150 వాట్లు తీసుకుంటూ ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగినా అయ్యేది 1.2 యూనిట్లు, అందులో సగం ఎలాగూ అయ్యేదే. రబ్బరు బిగువు తగ్గి ప్రతి రోజూ అర యూనిట్ కారిపోతూ ఉంటే మాత్రం, తమిళనాడులో బిల్లు రెండు నెలలకొకసారి వస్తుంది కాబట్టి, 30 యూనిట్లు చేరి శ్లాబు మారడానికి అదే కారణం కావచ్చు.

మళ్ళీ జరగకుండా

ముందు కాళ్ళ మరలను తిప్పి ఫ్రిజ్ ముందు భాగాన్ని వెనక కంటే కొద్దిగా ఎత్తులో ఉంచితే, సగం తెరిచి వదిలిన తలుపు తన బరువుతో తానే మూసుకుంటుంది. అయిదు నిమిషాల పని, అయినా చాలా ఇళ్ళలో ఫ్రిజ్ తెచ్చిన రోజు ఎలా నిలిపారో అలాగే ఉండిపోతుంది. తలుపు రబ్బరును పరీక్షించడానికి ఒక కాగితాన్ని తలుపుకూ అంచుకూ మధ్య ఉంచి మూసి లాగాలి. బిగువుగా వస్తే మంచిది, జారిపోతే ఆ చోట సబ్బునీటితో తుడిచి, గట్టిపడి ఉంటే గోరువెచ్చని నీటిలో ముంచిన గుడ్డతో మెత్తబరచి చూడాలి, అప్పటికీ పట్టకపోతే రబ్బరు మార్పించాలి. నాలుగు మూలలూ, ముఖ్యంగా కీలు వైపు, వదలకుండా చూడాలి.

తలుపు అరల్లో రెండు లీటర్ల సీసాలు కుక్కడం, లోపలి అరల అంచు దాటి గిన్నెల కాడలు బయటికి ఉంచడం మానుకోవాలి. పిండికి మూత గిన్నె కంటే పెద్దది కాకుండా చూసుకోవాలి, మా ఇంట్లో నేర్చుకున్నది ఇదే. కొన్ని మోడళ్ళు తలుపు తెరిచి ఉంటే కూత పెడతాయి. ఆ సౌకర్యం లేనివారు తలుపుకు అంటించే చిన్న బ్యాటరీ అలారం కొనవచ్చు, అయితే పడకగది తలుపు మూసుకుని ఏసీ వేసుకుని పడుకున్నవారికి వంటింట్లోని ఆ సన్నని కూత వినిపించదు.

అందువల్ల ఊరికి వెళ్ళేముందు గాని, మామూలు రోజుల్లో గాని, ఫ్రీజరులో ఒక చిన్న కప్పు నీటిని గడ్డకట్టించి దాని మీద ఒక రూపాయి నాణెం ఉంచాలి. తలుపు తెరుచుకున్నా, కరెంటు పోయి వచ్చినా, మంచు ఎంత కరిగితే నాణెం అంత కిందికి దిగి అక్కడే మళ్ళీ బిగుసుకుంటుంది. పైనే ఉంటే ఫ్రీజరులోనివి పదిలంగా ఉన్నాయని, మధ్యలో ఉంటే ఒక్కొక్కటీ తీసి పరీక్షించుకోవాలని, అడుగున కనిపిస్తే మాంసం, చేప, వండినవి అన్నీ తీసివేయాలని అర్థం. ఆ తరువాత కప్పును కడిగి, కొత్త నీరు పోసి, గడ్డకట్టాక నాణేన్ని తిరిగి పైన పెట్టి, తేదీ రాసిన కాగితం ముక్క కప్పు మీద అంటించాలి.